వస్తువు కాని వస్తువు

తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం అడగడానికి వచ్చినవాడు. అవతలి పక్షానికి అక్కడ వేరే మాట ఉంది. అరబ్బీలో పుట్టి, ఫార్సీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన ఈ మాట తెలుగువాళ్ళ నోట పడేసరికి తలకిందులైంది. అడగడానికి వెళ్ళినవాడే బోనెక్కాడు. ఫిర్యాదు కూడా అటునుంచి వచ్చిన మాటే. ఫార్సీలో దాని అర్థం మొర, ఆక్రందన. మొరపెట్టుకోడానికి వెళ్ళి ముద్దాయిగా తేలడం అనే కథ మన పదకోశంలోనే ఉందన్నమాట.

దీన్ని నేను చాలాకాలం నిఘంటువు సరదాగానే చూశాను. మా పిన్ని కూతురు హైదరాబాదులో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటుంది. తను వద్దన్న ఒక మనిషి రోజుకో కొత్త నంబర్ నుంచి మెసేజిలు పెడుతుంటే, నెలల తరబడి ఓర్చుకుని, చివరికి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. కేసు కట్టారు. ఆ విషయంలో వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. కానీ సాక్ష్యం అందులోనే ఉంది కాబట్టి ఆమె ఫోన్ తీసుకున్నారు. రెండు రోజులన్నారు, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపాలన్నారు, తర్వాత కోర్టు ఆర్డర్ తెచ్చుకోమన్నారు. నాలుగు నెలలు గడిచాయి. "అన్నయ్యా, వాడి ఫోన్ వాడి జేబులోనే ఉంది. నాదేమో స్టేషన్లో ఉంది" అంది ఒకరోజు, కోపం కూడా లేని గొంతుతో.

ఆ స్టేషన్లో ఎవరో చెడ్డవాళ్ళుండి ఇలా జరిగిందనుకుంటే కథ సులువుగా తేలిపోతుంది. నాకు అలా అనిపించలేదు. రైటర్ మర్యాదగానే మాట్లాడాడు. ఆయన చేతిలో ఉన్న చట్టానికి ఆ ఫోను ఒక వస్తువు. సైకిల్, గొలుసు, కత్తి ఎలాగో ఇదీ అలాగే. చీటీ కట్టి, నంబరు వేసి, గదిలో పెట్టాలి. వస్తువు కాని దాన్ని మన చట్టం ఇంతకాలం వస్తువుగానే ఎందుకు చూసింది? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే 260 ఏళ్ళ నాటి లండన్‌లో తేలాను.

1762 నవంబరు 11న జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంటి మీద నలుగురు రాజోద్యోగులు పడ్డారు. ప్రభుత్వాన్ని విమర్శించే ఒక వారపత్రికలో ఆయన రాస్తాడని అభియోగం. మంత్రి హాలిఫాక్స్ ఇచ్చిన వారంటు పట్టుకుని నాలుగు గంటలపాటు ఇల్లంతా గాలించి, పెట్టెలు పగలగొట్టి, కాగితాలు చదివి, దొరికినవి మోసుకుపోయారు. ఎంటిక్ ఊరుకోలేదు, ఆ నలుగురి మీదే దావా వేశాడు. జ్యూరీ 300 పౌండ్ల పరిహారం ఇవ్వాలంది. 1765లో తీర్పు చెబుతూ లార్డ్ కామ్‌డెన్ ఒక మెలిక గమనించాడు. ఇంట్లోకి చొరబడటం ఒక తప్పు, సొత్తు ఎత్తుకుపోవడం ఇంకో తప్పు. కానీ మనిషి సొంత కాగితాల సంగతి వేరు. అవి అన్నిటికన్నా ప్రియమైన ఆస్తి. వాటిలోని రహస్యం బయటపడటం వల్ల నష్టం ఇంకా పెరుగుతుంది, పరిహారమూ పెరగాలి. అంటే కాగితం బరువు వేరు, దాని మీద రాసిన దాని బరువు వేరు అన్నాడు. తర్వాత 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరిన నాలుగో సవరణ మనిషి, ఇల్లు, వస్తువులతో పాటు 'కాగితాలు' అన్న మాటను విడిగా పేర్కొంది.

ఈ మెలిక అదే ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ చేసిన చట్టాల్లోకి రాలేదు. 1857 తిరుగుబాటు అణిగాక మూడు నాలుగేళ్ళలో పీనల్ కోడు, క్రిమినల్ ప్రొసీజర్ కోడు, పోలీసు చట్టం వరసగా వచ్చాయి. 1898 ప్రొసీజర్ కోడులో 550వ సెక్షను చూడండి. దొంగసొత్తని అనుమానమున్న, లేదా ఏదో నేరం జరిగిందన్న అనుమానానికి తావిచ్చే పరిస్థితుల్లో కనబడిన ఏ ఆస్తినైనా పోలీసు అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. ఇదే సెక్షను 1973 కోడులో 102 అయింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106 అయింది. నంబరు రెండుసార్లు మారింది, 'ఆస్తి' అన్న ఊహ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సెక్షను రాసినవాళ్ళ కళ్ళముందున్నది దొంగిలించిన ఎద్దు, నగ, ఇత్తడి బిందె. మద్యనిషేధం రోజుల్లో అయితే సారా. ఇవేవీ తమ యజమాని గురించి కబుర్లు చెప్పవు.

మార్చుకునే అవకాశం ఒకసారి వచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ అనే సభ్యుడు, అకారణమైన సోదాల నుంచి, జప్తుల నుంచి రక్షణ ప్రాథమిక హక్కుల్లో ఉండాలని సవరణ పెట్టాడు. అంబేద్కర్ దానికి సుముఖత చూపాడు. ప్రొసీజర్ కోడులో ఉన్న రక్షణను శాసనసభలు తీసేయలేకుండా రాజ్యాంగంలో పెట్టడం మంచిదేనన్నాడు. ఓటింగులో మాత్రం సవరణ వీగిపోయింది. ఆరేళ్ళకే దాని ఫలితం కనబడింది. 1954లో దాల్మియా కంపెనీల పత్రాల సోదా మీద వచ్చిన ఎం.పి. శర్మ కేసులో, ఎనిమిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం అమెరికా నాలుగో సవరణ లాంటిది మన రాజ్యాంగంలో లేదనీ, లేనిదాన్ని తాము తెచ్చిపెట్టలేమనీ చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చేదాకా, ఆ విషయంలో 1954 నాటి మాట 63 ఏళ్ళు మన నెత్తిమీద ఉంది.

ఆస్తిగా చూసినా, ఆ ఆస్తినైనా భద్రంగా ఉంచారా? రెండు తీర్పులు చెబుతాయి. పాత మైసూరు రాష్ట్రంలో ఒకావిడ ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులు నగలు పట్టుకున్నారు. దొంగ చేతిలోంచి స్టేషన్‌కి చేరిన ఆ నగలు స్టేషన్లోనే మాయమయ్యాయి. తన సొమ్ము తనకిమ్మని ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. 1977లో కోర్టు, నగలు లేకపోతే వాటి విలువ ప్రభుత్వమే కట్టాలంది. పావు శతాబ్దం తర్వాత, 2002 అక్టోబరు 1న, సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు. సూరత్‌లోని ఒక స్టేషన్లో జప్తు చేసిన వస్తువులను మార్చేశారని, సొమ్ము వాడుకున్నారని, అనుమతి లేకుండా వేలం వేశారని ఆరోపణ ఎదుర్కొన్నది అక్కడి పోలీసులే. అప్పుడు సుప్రీంకోర్టు ఒక గడువు చెప్పింది. వస్తువులు స్టేషన్లో అవసరానికి మించి ఉండకూడదు, ఎలా చూసినా 15 రోజుల నుంచి నెల దాటకూడదు. పంచనామా రాయండి, ఫొటోలు తియ్యండి, బాండు తీసుకోండి, యజమానికి తిరిగివ్వండి. స్టేషన్ల ముందు తుప్పు పడుతున్న మోటారు సైకిళ్ళను చూస్తే ఈ తీర్పు ఎంతవరకు అమలైందో తెలుస్తుంది. అయినా ఫోను వెనక్కి అడిగే ఎవరికైనా ఈనాటికీ దన్ను ఈ తీర్పే.

కానీ ఈ తీర్పు కూడా ఫొటో తీస్తే పని జరిగిపోయే వస్తువుల గురించి. ఆ తర్వాతి ఏళ్ళలోనే ఫోను వస్తువుల జాబితాలోంచి మెల్లగా జారిపోయింది. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన నాటికి మొబైలు అంటే మాట్లాడే పెట్టె. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఇంకో అంచె ధ్రువీకరణ ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. ఆ అంచె చాలామందికి ఓటీపీ రూపంలో వచ్చింది. అప్పటినుంచి ఫోన్ నంబరు మన సంతకం అయింది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అది సిమ్‌నీ, ఆ సిమ్ ఉన్న ఫోన్‌నీ కలిపి ఖాతాకి ముడివేస్తుంది. అంటే ఇంకో ఫోన్ కొన్నంత మాత్రాన మనిషి తిరిగి మనిషి కాదు. మళ్ళీ మొదటినుంచి తనెవరో నిరూపించుకోవాలి. చెయ్యి తీసుకుని, వేలిముద్ర వెయ్యమన్నట్టు ఉంటుంది.

మా చెల్లి మొదటి వారమంతా ఆ పనిలోనే గడిపింది. సిమ్ కూడా ఫోన్లోనే పోయింది కాబట్టి డూప్లికేట్ సిమ్‌కి వెళ్ళింది. కొత్త సిమ్ పడిన మొదటి రోజు ఎస్సెమ్మెస్‌లు రావు, మోసాలు ఆపడానికి పెట్టిన జాగ్రత్త అది. మోసపోనివాళ్ళకీ అదే వర్తిస్తుంది. బ్యాంకు యాప్ పాత ఫోన్‌కి కోడ్ పంపానంది. ఆఫీసు మెయిలు పాత ఫోన్లో 'అవును, నేనే' నొక్కమంది. పాత ఫోన్ బీరువాలో ఉంది, దాని తాళం రైటర్ దగ్గర ఉంది. ఇవన్నీ వారంలోనో పదిరోజుల్లోనో సర్దుకున్నాయి. సర్దుకోనిది ఇంకొకటుంది. పాస్‌వర్డు రాసివ్వమంటే రాసిచ్చింది. ఆ ఫోన్లో ఆమె ఫొటోలున్నాయి, డాక్టరు చీటీలున్నాయి, అమ్మతో గొడవపడి పంపిన వాయిస్ మెసేజిలున్నాయి. అవి ఎవరు చూస్తున్నారు? ఎవరూ చూడకపోవచ్చు. అయినా ఆ ప్రశ్న తోనే నిద్ర పట్టేది కాదంది. తనను ఎవరో గమనిస్తున్నారన్న భయంతోనే కదా స్టేషన్‌కి వెళ్ళింది. ఆ భయానికి ఇప్పుడు రెండో చిరునామా దొరికింది. కామ్‌డెన్ 1765లో చెప్పింది ఈ నష్టం గురించే. దాన్ని రాసుకోడానికి పంచనామాలో గడి లేదు.

చట్టం అసలేమీ నేర్చుకోలేదని కాదు. 2000 అక్టోబరు 17న ఐటీ చట్టం అమల్లోకి వచ్చినప్పుడే 1872 నాటి సాక్ష్య చట్టంలో 65బి సెక్షను చేరింది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని, ఒక ధ్రువపత్రం జతచేసి, సాక్ష్యంగా ఇవ్వొచ్చంది. 2014లో ఆ ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో దాన్నే స్థిరపరుస్తూ ఒక మినహాయింపు స్పష్టం చేసింది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టి, దాని యజమాని బోనెక్కి ఇది నాదేనని చెబితే ధ్రువపత్రం అక్కర్లేదు. స్టేషన్లు ఫోన్నే పట్టుకుని కూర్చోడానికి ఒక కారణం ఇందులో ఉందనుకుంటాను. అసలుంటే కాపీ గొడవ ఉండదు. కానీ ఆ తీర్పులో బోనెక్కేది యజమానే. ఆ రోజు దాకా ఫోన్ యజమాని దగ్గర ఉండకూడదని అందులో ఎక్కడా లేదు.

ఇక్కడ నా వృత్తి కాస్త పనికొస్తుంది. ఏ ఫైలునైనా ఒక లెక్కలోంచి పంపితే ఒక వరస వస్తుంది, దాన్ని హాష్ వాల్యూ అంటాం. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అయితే 64 అంకెలూ అక్షరాల వరస. ఫైలులో ఒక్క కామా మార్చండి, వరస మొత్తం మారిపోతుంది. కాపీ హాషూ అసలు హాషూ ఒకటైతే రెండూ ఒకటే. ఎన్ని కాపీలు చేసినా మసకబారదు, తుప్పు పట్టదు. మేం రోజూ డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళను సరిచూసుకోడానికి వాడే పనిముట్టు ఇది. ఇప్పుడు చట్టంలోకీ వచ్చింది. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రం నమూనాలో హాష్ వాల్యూ రాయడానికీ, అది ఏ పద్ధతిలో తీశారో గుర్తుపెట్టడానికీ చోటుంది. పాత నగకి ఫొటో ఎలాగో, ఫోన్లోని విషయానికి హాష్ అలాగ. నిజానికి ఫొటో కన్నా గట్టిది.

ఎంత గట్టిదో, ఎంత అవసరమో కేరళ కేసు చూపించింది. 2017 ఫిబ్రవరిలో కొచ్చిలో ఒక నటిపై జరిగిన దాడి దృశ్యాలున్న మెమరీ కార్డు ఆ కేసులో కీలక సాక్ష్యం. కాపీ ఇవ్వాలని నిందితుల్లో ఒకరు అడిగితే, 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తేడా చెప్పింది. కార్డు వస్తువైతే కావచ్చు, అందులోని దృశ్యాలు పత్రమే. పత్రమైతే నిందితుడికి కాపీ ఇవ్వాలి. కానీ బాధితురాలి గోప్యత దృష్ట్యా చూడనిస్తారు తప్ప చేతికివ్వరు. కార్డు వేరు, అందులో ఉన్నది వేరు అన్న ఆ మెలికను ఒక భారతీయ కోర్టు ఇంత స్పష్టంగా పలకడం నాకు గొప్పగా అనిపించింది. తర్వాత జరిగింది అంత గొప్పగా లేదు. ఆ కార్డు కోర్టు కస్టడీలో ఉండగానే దాని హాష్ వాల్యూ మారినట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. అంటే ఎవరో దాన్ని తెరిచారు. బాధితురాలే మళ్ళీ కోర్టుకెక్కితే 2023 డిసెంబరులో కేరళ హైకోర్టు విచారణకు ఆదేశించింది. తాళం వేసిన గదికన్నా ఒక 64 అక్షరాల వరసే నమ్మకమైన కాపలాదారు అని దీన్నిబట్టి నాకర్థమైంది.

పోలీసుల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, అది తీసిపారేసేది కాదు. ఫోన్ హార్డ్‌డిస్కు లాంటిది కాదు. ఆన్‌లో ఉన్నంతసేపూ తనలో తాను మారుతూనే ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ వల్ల ఈనాటి ఫోన్లకు అచ్చుగుద్దినట్టు పూర్తి నకలు తియ్యడం చాలాసార్లు కుదరదు. అందిన మేరకు డేటా బయటికి తీసి, ఆ తీసినదానికి హాష్ కడతారు. రేపు కోర్టులో అవతలి వకీలు 'ఈ మెసేజి మీరే సృష్టించారు' అంటే అసలు ఫోన్ చూపించడం తేలిక. ఫిర్యాదు చేసినవాళ్ళే మనసు మార్చుకుని చెరిపేసిన సందర్భాలూ ఉండొచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ వేధింపు కేసులో కావలసింది సాధారణంగా కొన్ని సంభాషణలు, కొన్ని కాల్స్, కొన్ని ఫొటోలు. కాల్ రికార్డులు టెలికాం కంపెనీ దగ్గర ఉంటాయి, ఖాతా ఎవరిదన్న సమాచారం ఆ యాప్ కంపెనీ దగ్గర ఉంటుంది. అవి రాబట్టడానికి ఆమె ఫోన్ అక్కర్లేదు, ఉత్తరం చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నాం, ఆ గొడ్డలి పడేదేమో మొరపెట్టుకున్నవాళ్ళ మీద.

పరికరాల జప్తు మీద దేశంలో చర్చ లేకపోలేదు. 2018 ఆగస్టు 28న హైదరాబాదులో వరవరరావు ఇంట్లో, ఇఫ్లూ ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంట్లో సోదాలు జరిగినప్పుడు మన సాహిత్య లోకంలో చాలామందికి ఇది తొలిసారి దగ్గరగా తగిలింది. 2021లో ఐదుగురు అధ్యాపకులు జప్తులకు నియమాలుండాలని సుప్రీంకోర్టుకెళ్ళారు. వాళ్ళలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మాజీ వైస్ చాన్సలర్ రామ్ రామస్వామి ఒకరు. 2023 నవంబరులో, పాత్రికేయుల సంఘం వేసిన పిటిషను మీద, మార్గదర్శకాలు తయారుచెయ్యమని కోర్టు కేంద్రానికి చెప్పింది. ఇవన్నీ కావలసినవే. అయితే ఈ చర్చలో మనకు కనిపించే మనిషి ప్రభుత్వం అనుమానించిన మనిషి. ప్రభుత్వాన్ని నమ్మి తనంతట తానే ఫోన్ చేతికిచ్చిన మనిషి గురించి ఎవరూ పిటిషను వెయ్యలేదు. ఆమె రాసేది వ్యాసం కాదు, స్టేషన్ చుట్టూ తిరిగే ఆటోల లెక్క.

ఈలోపు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇచ్చేముందు బ్యాకప్ తీసుకోవాలి. ఓటీపీ యాప్‌లను, రికవరీ కోడ్‌లను ఇంకో చోటికి మార్చుకోవాలి. ఇచ్చాక దూరం నుంచి ఫోన్‌ని తుడిచెయ్యడం లాంటివి చెయ్యకూడదు, సాక్ష్యం చెరిపినట్టవుతుంది. ఐఎంఈఐ నంబరుతో సహా పంచనామా కాపీ అడగాలి. ఏం తీశారో, దాని హాష్ ఏమిటో రాసివ్వమనాలి. సోదానీ జప్తునీ వీడియో తియ్యాలని కొత్త సంహిత 105వ సెక్షను చెబుతోంది, అది గుర్తుచెయ్యాలి. ఫోన్ కోర్టుకి చేరి ఉంటే 497 కింద, చేరకపోతే 503 కింద తాత్కాలిక కస్టడీకి పిటిషను వెయ్యొచ్చు. 497లో ఇప్పుడు గడువులున్నాయి. ఆస్తి కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఆ తర్వాత 30 రోజుల్లో దాని సంగతి తేల్చడం. మా చెల్లికి ఫోన్ తిరిగొచ్చింది ఈ దారినే, బాండు మీద. అమ్మకూడదు, ఫార్మాట్ చెయ్యకూడదు, పిలిచినప్పుడు తేవాలి అన్న షరతులతో. ఆ మూడు షరతులు మొదటిరోజే రాయించుకుని ఇచ్చేసి ఉంటే కేసుకి ఏమైనా తక్కువయ్యేదా అని మా వకీలుని అడిగాను. ఏమీ తక్కువయ్యేది కాదన్నాడు.

కాబట్టి కావలసింది కొత్త సిద్ధాంతం కాదు, ఒక చిన్న నియమం. ఫిర్యాదు చేసినవాళ్ళ ఫోన్ తీసుకుంటే, వాళ్ళ కళ్ళెదుటే కావలసిన భాగం వరకు తీసి, హాష్ రాసి, సంతకాలు పెట్టి, ఆ సాయంత్రానికే చేతికివ్వాలి. అది కుదరని కేసులో ఎందుకు కుదరదో రాసివ్వాలి. దానికి కావలసిన లెక్క చట్టంలో ఉంది, షరతులు కోర్టు తీర్పుల్లో ఉన్నాయి, విషయమూ వస్తువూ వేరన్న ఎరుక 1765 నుంచీ ఉంది. జిల్లాకో ల్యాబ్ కట్టేదాకా ఆగాల్సిన పనీ లేదు. మొరపెట్టుకోడానికి ఒకసారి స్టేషన్ మెట్లెక్కినవాళ్ళు, ఫోన్ పోగొట్టుకున్నాక రెండోసారి ఎక్కుతారా, పక్కింటి అమ్మాయికి ఎక్కమని చెబుతారా అన్నది మిగతా లెక్క. అది ఏ ల్యాబూ తెలుసుకోలేదు.